2సీవీనీ డీఎస్‌నీ పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

ఫ్రాన్సు కంపెనీ సిట్రోయెన్ పాత కార్ల మీద మనసు పడ్డవాళ్లు ఎన్ని మోడళ్లు తిరగేసినా చివరికి ఈ రెండింటి దగ్గరే ఆగుతారు. 2సీవీ తీసుకోవాలా, డీఎస్ తీసుకోవాలా? ఆగిన వెంటనే అందరూ చేసే పని రెండింటి లెక్కలూ ఒక కాగితం మీద రాసుకోవడం. 1948లో వచ్చిన తొలి 2సీవీకి 375 సీసీ ఇంజిన్, 9 హార్స్‌పవర్. 1955లో వచ్చిన డీఎస్19కి 1,911 సీసీ, 75 హార్స్‌పవర్. ఒకటి అర టన్ను బరువు, ఇంకోటి టన్ను దాటిపోతుంది. ఇలా చూస్తే అసలు పోలికే లేదు, పెద్దది మంచిది అనేసి లేచిపోవచ్చు. ఆ లెక్క నమ్ముకుని డీఎస్ కొని, ఏడాది తిరక్కుండా అమ్మేసినవాళ్లున్నారు, అదే లెక్క చూసి భయపడి 2సీవీ కొని, మనసంతా డీఎస్ మీదే పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు.

నా మటుకు నేను ఈ రెండింటినీ అన్నదమ్ముల్లా చూస్తాను. రెండింటి ఆకారాన్నీ మలిచింది ఒకే మనిషి, ఫ్లామినియో బెర్తోనీ, ఆయన శిల్పి కూడా. ఇంజినీరింగు నడిపింది ఒకే బుర్ర, ఆంద్రే లెఫెవ్ర్. పైన కూర్చుని రెండు పనులనూ మొదలుపెట్టించింది పియర్-జూల్ బులాంజే. వీళ్ల ముందున్న చిక్కు కూడా ఒకటే: రోడ్డు ఎంత గతుకులమయంగా ఉన్నా లోపల కూర్చున్నవాళ్లకి కుదుపు తగలకూడదు, చక్రం నేలను వదలకూడదు. ఆ చిక్కుని ఒకసారి స్ప్రింగులు, ఇనుప కడ్డీలతో విప్పారు, ఇంకోసారి నూనె, గ్యాసు, పంపుతో విప్పారు. అందుకే పోల్చేటప్పుడు రెండు కార్లనీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి. నేను చూసే వరస కింద రాస్తున్నాను, కొనేవాళ్లకే కాదు, ఎవరి కారో ఒకసారి నడిపి చూసే అవకాశం వచ్చినవాళ్లకి కూడా పనికొస్తుంది.

దేనికోసం పుట్టిందో తెలుసుకుని వెళ్లండి

2సీవీ కోసం 1930ల్లో బులాంజే పెట్టిన షరతులు ఇప్పటికీ ఆ కారుని చూడటానికి సరైన కళ్లద్దాలు. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళదుంపలు ఎక్కాలి, గంటకి 60 కిలోమీటర్లు పోవాలి, 100 కిలోమీటర్లకి 3 లీటర్ల పెట్రోలు మించకూడదు. బుట్టెడు గుడ్లు పెట్టుకుని దున్నిన చేలో అడ్డంగా నడిపినా ఒక్క గుడ్డు పగలకూడదు. 1939 నాటికి రెండు వందల పైచిలుకు కార్లు తయారుచేశారు, ఇంతలో యుద్ధం వచ్చింది, జర్మన్ల చేతికి చిక్కకూడదని చాలావాటిని ముక్కలు చేశారు, కొన్నింటిని దాచేశారు. 1948 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో బయటపెట్టినప్పుడు పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు, కొనేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డారు. పేరు కూడా గొప్పలకి పెట్టింది కాదు, ఫ్రాన్సులో పన్ను వేయడానికి వాడే లెక్కలో అది రెండు గుర్రాల బండి, దో షెవో, అంతే.

డీఎస్ సంగతి వేరు. 1934లో వచ్చిన ట్రాక్సియోన్ అవాన్ అనే కారు స్థానంలో, అందరికంటే ముందుండే ఒక పెద్ద కారు కావాలన్నారు. బులాంజే 1950లో కారు ప్రమాదంలో పోయాడు, పని ఆగలేదు. 1955 అక్టోబరులో పారిస్‌లోని గ్రాండ్ పాలేలో తెర తీస్తే మొదటి రోజే 12,000 ఆర్డర్లు వచ్చాయి. డీఎస్ అనే అక్షరాలని ఫ్రెంచిలో పలికితే దేవత అని వినిపిస్తుంది. ఇంజిన్ మాత్రం పాత ట్రాక్సియోన్‌దే, కాస్త మెరుగుపరిచి పెట్టారు, ఎందుకంటే అనుకున్న ఆరు సిలిండర్ల ఇంజిన్ సిద్ధం కాలేదు. ఇది గుర్తుంటే నడిపినప్పుడు ఇంజిన్ మోత విని నిరాశపడరు. డీఎస్‌లో డబ్బూ బుర్రా పెట్టింది ఇంజిన్‌లో కాదు, చక్రాల దగ్గర.

ఏ 2సీవీ, ఏ డీఎస్?

ఇది తేల్చుకోకుండా పోలిక మొదలుపెడితే గంటలకొద్దీ వాదనే మిగులుతుంది. 2సీవీ 42 ఏళ్లు తయారైంది, 1948 నుంచి 1990 జూలై దాకా. ఫ్రాన్సులో లెవల్వా-పెరె కర్మాగారం 1988లోనే ఆపేసింది, చివరి రెండేళ్లూ పోర్చుగల్‌లోని మంగ్వాల్డేలో చేశారు. మొత్తం 38 లక్షల పైన. 1950ల కారు ముచ్చటగా ఉంటుంది, కానీ ఇవాళ్టి రోడ్డు మీద లారీ వెనక పడితే టెన్షన్ తప్పదు, దాని గరిష్ఠ వేగమే గంటకి 65 కిలోమీటర్లు. 1970 తర్వాత వచ్చిన 602 సీసీ 2సీవీ6 అయితే గంటకి 110 దాకా లాగుతుంది. 1981లో ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వచ్చాయి. వాడుకోవడానికి తీసుకునేవాళ్లు ఈ చివరి కార్లనే చూడటం మంచిదని నా అభిప్రాయం.

డీఎస్‌లో గీత ఇంకా ముఖ్యం. ముందు ఐడీ అనే తమ్ముడున్నాడని తెలుసుకోండి, 1957లో వచ్చింది, బయటికి అదే కారు, సస్పెన్షన్ అదే, కానీ మామూలు క్లచ్చి, మామూలు గేర్లు, తొలి కార్లలో పవర్ స్టీరింగ్ కూడా లేదు. అసలు డీఎస్‌లలో చాలావాటికి క్లచ్చి పెడలే ఉండదు, వాటిలో గేర్లు మార్చే పనిని కూడా నూనె ఒత్తిడే చేస్తుంది. చూసేవాడికి రెండూ ఒకటే, రిపేరు చేసేవాడికి మాత్రం భూమ్యాకాశాల తేడా. తర్వాత 1965లో 2,175 సీసీ డీఎస్21, 1972లో 2,347 సీసీ డీఎస్23 వచ్చాయి, మధ్యలో 1969లో డీఎస్21కి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కూడా పెట్టారు. ఇంజెక్షన్ కారు పరుగు బాగుంటుంది, కానీ మొదటి డీఎస్ కోసం చూస్తున్నవాళ్లు కార్బురేటర్ కారుతో మొదలుపెట్టండి, ఒక తలనొప్పి తగ్గుతుంది.

1967 సెప్టెంబరు నుంచి ముందు భాగం మారింది, అద్దం వెనక నాలుగు లైట్లు, లోపలి రెండూ స్టీరింగుతో పాటు మలుపు వైపు తిరుగుతాయి. అందరూ ఫొటోల్లో చూసి ముచ్చటపడేది ఈ ముఖాన్నే. కానీ కొనేవాడు చూడాల్సిన మార్పు అంతకు ఏడాది ముందు జరిగింది, నూనె రంగులో. అది కింద విడిగా రాస్తాను, దాటేయకండి.

చేత్తో నొక్కి చూడండి

ఇప్పుడు కార్ల దగ్గరికి వెళదాం. రెండింటికీ ఒకే పరీక్ష, బంపర్ మీద చేతులు వేసి నొక్కడం.

2సీవీ ముందు మూల పట్టుకుని గట్టిగా కిందికి నొక్కి వదలండి. తేలిగ్గా కుంగాలి, లేచి ఒకటి రెండుసార్లు ఊగి ఆగాలి. నాలుగైదుసార్లు ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్లు పోయాయి. బాగా పాత కార్లలో వాటికి బదులు రాపిడితో పనిచేసే డంపర్లు ఉంటాయి, అవి బిగుతు తగ్గితే కూడా ఇంతే. నొక్కినప్పుడు తలుపు కీచుమన్నట్టు చప్పుడొస్తే బెంగపడకండి, కారు పక్కన పొడుగునా ఉండే గొట్టాల్లో నూనె ఆరిపోయిందని అర్థం. ఆ గొట్టాలని వంగి చూడండి, ఎందుకంటే 2సీవీ గుట్టంతా అందులోనే ఉంది. ఒక్కో పక్కన ఒక్కో గొట్టం, లోపల ముందు చక్రానికి ఒక స్ప్రింగు, వెనక చక్రానికి ఒక స్ప్రింగు, పడుకోబెట్టి ఉంటాయి. ముందు చక్రం గతుకెక్కి పైకి లేస్తే దాని చేయి కడ్డీని లాగుతుంది, కడ్డీ స్ప్రింగుని నొక్కుతుంది, గొట్టం కాస్త ముందుకి జరుగుతుంది, ఆ జరగడంతో వెనక స్ప్రింగు కూడా బిగిసి కారు వెనక భాగం కూడా కాస్త లేస్తుంది. అంటే ముందు చక్రం తనకి తగిలిన దెబ్బ సంగతి వెనక చక్రానికి ముందే చెప్పేస్తోంది. కారు ముక్కు ఎత్తి తోక దించే ఊపు అందుకే తక్కువ. ఇందులో పంపు లేదు, వైరు లేదు.

డీఎస్ దగ్గర ఈ పరీక్ష ఇంజిన్ ఆపి ఉండగా చేయకూడదు. స్టార్ట్ చేసి, లోపల ఎడమ పక్క కింద ఉండే ఎత్తు మార్చే లివర్ మామూలు స్థానంలో ఉందో లేదో చూసి, కారు లేచి నిలబడేదాకా ఆగండి. మొదట వెనక భాగం లేస్తుంది, తర్వాత ముక్కు. ఇప్పుడు వెనక బంపర్ మీద చెయ్యి వేసి నొక్కండి. మంచి డీఎస్ పరుపులాగా దిగుతుంది, అంతే మెత్తగా లేస్తుంది. బల్లలా బిగుసుకుని ఉంటే చక్రం దగ్గరి గోళంలో గ్యాసు పోయింది. దాదాపు టెన్నిస్ బంతికి రెండింతలుండే ఇనుప గోళాలవి, లోపల మధ్యలో రబ్బరు పొర, ఒక వైపు నైట్రోజన్, ఇంకో వైపు నూనె. స్ప్రింగు పని చేసేది ఆ నైట్రోజనే. పాల్ మజెస్ అనే ఆయన దీన్ని సాధించాడు, డీఎస్ కంటే ముందు 1954లో ట్రాక్సియోన్ 15-సిక్స్ వెనక చక్రాలకి పెట్టి చూశారు.

తర్వాత ఒక మనిషిని డిక్కీ అంచు మీద కూర్చోమనండి. కారు వెనక దిగుతుంది. మీరు మాట్లాడకుండా నిలబడి చూడండి: కొన్ని క్షణాలు ఏమీ జరగదు, తర్వాత లోపల ఎక్కడో సన్నగా ఉస్సుమన్న చప్పుడుతో కారు ఆ మనిషిని మోసుకుంటూ మెల్లగా తన పాత ఎత్తుకి లేస్తుంది. ఆయన దిగగానే ఒక్కసారి పైకి పొంగి, మళ్లీ ఆలోచించుకుని సర్దుకుంటుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఇప్పటికీ ఆ క్షణంలో వేరే మాట రాదు నాకు. లేవకపోయినా, ఒక పక్కే లేచినా, ఎత్తు సరిచేసే వాల్వు దగ్గరో, దాని కడ్డీల దగ్గరో పని ఉందని రాసుకోండి.

ఇంకొకటి, చెవితో చేసే పరీక్ష. డీఎస్ బోనెట్ తీసి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా వినండి. నూనె ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ మధ్యమధ్య టక్కుమంటుంది. అర నిమిషానికో ఇంకా ఆలస్యంగానో వినిపిస్తే హాయి. రెండు మూడు సెకన్లకొకసారి టక్ టక్ అంటుంటే ఒత్తిడి నిలవ ఉంచే గోళం పోయిందో, ఎక్కడో లోపల లీకవుతోందో అన్నమాట, పంపు ఊపిరి తిప్పుకోవడానికి కూడా ఆగట్లేదు. అమ్మేవాళ్లు దీన్ని మామూలే అంటారు. మామూలు కాదు.

ఎర్ర నూనె, పచ్చ నూనె

1966 వేసవి దాకా తయారైన డీఎస్‌లలో ఎర్ర నూనె, ఎల్‌హెచ్‌ఎస్ అంటారు. అది గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, చెమ్మ చేరితే గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. అందుకే 1967 మోడల్ నుంచి ఎల్‌హెచ్‌ఎం అనే పచ్చటి మినరల్ నూనెకి మారారు. పచ్చ నూనె కారుకి రబ్బరు సీళ్లు వేరు, ఎర్ర నూనె కారుకి సీళ్లు వేరు. ఒకదాని నూనె ఇంకోదాంట్లో పోస్తే సీళ్లన్నీ పాడైపోతాయి, అంటే సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు, గేర్లు అన్నీ ఒక్క పొరపాటుతో విప్పాల్సి వస్తుంది.

కాబట్టి నూనె ట్యాంకు మూత తీసి ఒక తెల్ల గుడ్డ ముంచి చూడండి. పచ్చ అయితే పచ్చగా, తేటగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే ఏళ్లుగా మార్చలేదు. పచ్చ నూనె కారులో విడిభాగాలకి పచ్చ రంగు గుర్తు ఉంటుంది, అది కూడా చూడండి, నూనె రంగూ భాగాల రంగూ పొంతన లేకపోతే ఆ కారు జోలికి పోవద్దు.

ఇక్కడ 2సీవీకి సంబంధం ఏంటంటే, డిస్క్ బ్రేకులున్న 2సీవీల బ్రేకుల్లో పోసేది కూడా ఇదే పచ్చ నూనె. డ్రమ్ము బ్రేకుల 2సీవీలో మామూలు బ్రేకు నూనె. తెలియని మెకానిక్ డిస్క్ బ్రేకుల 2సీవీలో మామూలు బ్రేకు నూనె పోస్తే సీళ్లు ఉబ్బుతాయి. ట్యాంకు మూత మీద రాసి ఉన్నదీ లోపల ఉన్నదీ ఒకటేనా అని ఆ కారులో కూడా చూడాల్సిందే.

కిందికి వంగండి

రెండు కార్లనీ చంపేది ఇంజిన్ కాదు, తుప్పే. కాకపోతే దాక్కునే చోటు వేరు.

2సీవీలో బాడీ అంతా బోల్టులతో బిగించిన రేకులే, మడ్‌గార్డులు, తలుపులు, బోనెట్ ఊడదీసి పక్కన పెట్టేయొచ్చు, వెనక సీటు ఊరికే లేపితే బయటికి వచ్చేస్తుంది, జనం దాన్ని గడ్డి మీద వేసుకుని కూర్చునేవాళ్లు. అసలు ప్రాణం కింద ఉన్న ఛాసీ. అది రేకుల పెట్టె, లోపల బోలు, తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది కాబట్టి పైన రంగు వేసి మెరిపిస్తే ఏమీ కనపడదు. అంచుల వెంట వేలు పెట్టి రాస్తూ వెళ్లండి, రెండు రేకులు కలిసే చోట ఉబ్బి విడిపోయినట్టు తగిలితే లోపల పొరలు పొరలుగా లేచిందని అర్థం. తర్వాత కారు పక్కకి వచ్చి పది అడుగుల దూరం నుంచి తలుపుల మధ్య సందులు చూడండి. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయినా, దానికి తిరగేసి ఉన్నా ఛాసీ మధ్యలో వంగుతోందేమో అని అనుమానించండి. ఇది వినడానికి భయంగా ఉన్నా మందు ఉన్న జబ్బే, జింకు పూత వేసిన కొత్త ఛాసీలు దొరుకుతాయి, బోల్టులు విప్పి బాడీని నలుగురు పట్టి లేపి కొత్తదాని మీద పెట్టొచ్చు. 2సీవీలో ఛాసీ పోయిందంటే కారు పోయినట్టు కాదు, బేరం ఆడే అవకాశం వచ్చినట్టు.

డీఎస్‌లో పైరేకులకి బరువు మోసే పని లేదు. బోనెట్ అల్యూమినియం, చాలా కార్లకి పైకప్పు ఫైబర్‌గ్లాస్. లోపల ఉన్న అస్థిపంజరం ఒక్కటే మోస్తుంది, దానికి రెండు పక్కలా తలుపుల కింద పెట్టెల్లాంటి దూలాలు. బయటి నుంచి చూస్తే ఎంత అందంగా ఉన్నా దూలం గుల్లై ఉండొచ్చు. ఇక్కడే డీఎస్ మీకు ఒక సాయం చేస్తుంది: వెనక మడ్‌గార్డుని ఒకే ఒక్క బోల్టు పట్టి ఉంచుతుంది, వెనక చక్రం మార్చాలన్నా అది విప్పాల్సిందే కాబట్టి అమ్మేవాడు కాదనలేడు. విప్పండి. లోపల వెనక చక్రం చేయి బిగించిన చోటు, డిక్కీ నేల, దూలం వెనక కొస, ఈ మూడూ టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి, గట్టి ఇనుము ఖణేల్ మంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా మోగుతుంది. వెనక కిటికీ దగ్గర నుంచి నీళ్లు దిగి డిక్కీ అంచులు కుళ్లడం కూడా మామూలే. ఈ పని పడితే వారాల తరబడి వెల్డింగు, అది కూడా డీఎస్ తెలిసిన చేతే చేయాలి. తుప్పున్న 2సీవీని తీసుకుని బాగుచేసుకోవచ్చు. దూలాలు తిన్న డీఎస్ ఎంత తక్కువకి వచ్చినా నేను వద్దనే అంటాను.

ఒక హెచ్చరిక. డీఎస్‌ని సస్పెన్షన్ ఎత్తులో పెట్టి ఆ ధైర్యంతో కిందికి దూరకండి. నూనె ఒత్తిడి ఎటైనా జారితే టన్ను పైన బరువు నేల మీదికి దిగుతుంది. స్టాండ్లు పెట్టాకే దూరాలి. ఆ కారుకి జాకీ పని కూడా సస్పెన్షనే చేస్తుంది, లివర్ పైకి పెట్టి కారు లేచాక పక్కన స్టాండు తగిలించి, లివర్ కిందికి దించితే చక్రం తనంత తానే గాల్లోకి ముడుచుకుంటుంది. స్టాండు, దాని పిన్నులు కారుతో పాటే ఉన్నాయా అని అడిగి చూసుకోండి.

ఒకే రోడ్డు మీద రెండూ

నడిపేటప్పుడు రెండింటినీ అదే రోడ్డు మీద, అదే గతుకుల మీద నడపండి. మంచి హైవే మీద ఈ కార్ల తేడా తెలియదు.

2సీవీ గేర్ రాడ్ డ్యాష్‌బోర్డులోంచి బయటికి పొడుచుకుని ఉంటుంది, గొడుగు పిడిలా. తోయడం, లాగడం, మెలి తిప్పడం, పది నిమిషాల్లో చేతికి వచ్చేస్తుంది. ఇంజిన్ గాలితో చల్లబడే రెండు సిలిండర్లది, దాన్ని ముద్దు చేయకండి, అది గట్టిగా తొక్కించుకోవడానికే పుట్టింది. మలుపులో కారు భయపెట్టేంత వాలుతుంది, అయినా ఇరుకు టైర్లు నేలని వదలవు. మొదటిసారి వాలినప్పుడు బ్రేకు మీద కాలు వేయకుండా ఉండగలిగితే మీరు ఈ కారుకి కుదిరినట్టే. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ బరువుగా ఉండటం మామూలు, కదులుతున్నప్పుడు కూడా బరువుగా, తిప్పాక వెనక్కి రాకుండా ఉంటే ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసులు, అంటే కింగ్ పిన్నులు, గ్రీజు లేక పట్టేశాయి. కారు ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే అవి అరిగి వదులయ్యాయో లేదో తెలుస్తుంది.

డీఎస్‌లో మొదట తడబడేది బ్రేకు దగ్గర. అక్కడ మామూలు పెడల్ ఉండదు, నేల మీద రబ్బరు పుట్టగొడుగు లాంటి బటన్ ఉంటుంది, అది కిందికి దిగదు, ఎంత బలంగా నొక్కితే అంత బ్రేకు. అలవాటున్న కాలితో తొక్కితే ముందు సీటులో ఉన్నవాళ్ల నుదురు అద్దానికి తగులుతుంది. ఖాళీ స్థలంలో పది పదిహేనుసార్లు సాధన చేశాకే రోడ్డెక్కండి. క్లచ్చి లేని డీఎస్‌లో గేర్ లివర్ స్టీరింగ్ మీద పైన ఉంటుంది, సెల్ఫ్ కొట్టడానికి కూడా ఆ లివర్‌నే పక్కకి తోయాలి. గేరు మారేటప్పుడు కుదుపు ఉంటే సర్దుబాటుతో పోతుందో, పెద్ద పనో అక్కడే చెప్పలేం, డీఎస్ తెలిసిన మెకానిక్‌కి చూపించాలి.

ముందు చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లు, వెనక 1.3 మీటర్లే. ఇంజిన్ బరువంతా ముందుంది, లాగేదీ ముందు చక్రాలే. అందుకే డీఎస్ దారాన్ని పట్టుకున్నట్టు తిన్నగా పోతుంది. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెతి-క్లమార్ దగ్గర అప్పటి ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ఎక్కిన డీఎస్ టైర్లు పగిలినా డ్రైవర్ వేగం తగ్గించకుండా కారుని తప్పించుకుపోయాడు. కారు అమ్మేవాళ్లందరూ చెప్పే కథే, అయినా జరిగిందే.

మీరు నడపడమే కాదు, రెండింట్లోనూ వెనక సీటులో కూర్చోండి. ఈ పని ఎవరూ చేయరు. 2సీవీలో గుడ్డ పైకప్పు చుట్టి వెనక కూర్చుంటే ఆకాశమంతా మీదే, ఇంజిన్ మోత, గాలి మోత కూడా మీవే. డీఎస్‌లో వెనక కాళ్లు చాచుకున్నాక ముందుకి రావాలనిపించదు.

మీ వారాంతాల లెక్క

2సీవీ అడిగేది తరచుగా కాస్త పని. దాదాపు వెయ్యి కిలోమీటర్లకొకసారి కింగ్ పిన్నులకి గ్రీజు కొట్టాలి, ఆయిల్ టైముకి మార్చాలి, గాలి పోయే దారుల్లో, ఆయిల్ కూలర్ మీద దుమ్ము, ఆకులు లేకుండా చూడాలి. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, డిస్ట్రిబ్యూటర్ లేదు. ఇగ్నిషన్ పాయింట్లు ఫ్యాను వెనక దాక్కుని ఉంటాయి, అది ఒక్కటే విసుగు, చాలామంది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేసుకుంటారు. స్పానర్ పట్టడం కొత్తవాళ్లు కూడా దీని మీద నేర్చుకోవచ్చు, తప్పు చేసినా కారు క్షమిస్తుంది.

డీఎస్ అరుదుగా అడుగుతుంది, అడిగితే గట్టిగా అడుగుతుంది. గోళాల్లో గ్యాసు మెల్లగా తగ్గుతూ పోతుంది, కొన్నేళ్లకొకసారి నింపించడమో మార్చడమో తప్పదు, నూనె మార్చాలి, ఫిల్టరు కడగాలి. ఇవి చేస్తూ ఉంటే ఆ హైడ్రాలిక్స్ జనం భయపెట్టినంత మొండివి కావు. ఇంకో ముఖ్యమైన విషయం, డీఎస్‌ని నడపకుండా మూలన పెట్టేస్తే పాడవుతుంది, సీళ్లు ఆరిపోతాయి. నెలకొకసారైనా వేడెక్కేదాకా నడిపే వీలు లేనివాళ్లు 2సీవీ తీసుకోవడమే మేలు. మీ ఊరికి అందుబాటు దూరంలో డీఎస్ తెలిసిన మెకానిక్ ఉన్నాడా అన్నది కారు చూడకముందే కనుక్కోండి, లేడంటే ఆ ఒక్క కారణం చాలు.

ఫ్రాన్సులోనే ఉంచి నడిపేవాళ్లకి కాగితాల విషయంలో రెండూ సమానం. 30 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉంటే, ఎఫ్ఎఫ్‌వీఈ అనే పాత వాహనాల సమాఖ్య ఇచ్చే ధ్రువపత్రంతో కలెక్షన్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవచ్చు. ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఫిట్‌నెస్ తనిఖీ ఐదేళ్లకొకసారి, 1960కి ముందు రోడ్డెక్కిన కారుకి అది కూడా అక్కర్లేదు. ఫిట్‌నెస్ కాగితం లేదు కాబట్టి కారు బాగుందని కాదు, అలాంటి కారుని ఇంకా జాగ్రత్తగా చూడండి.

పొద్దున్నే వెళ్లండి

చూడటానికి వెళ్లే ముందు రోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఒకసారి నేనొక డీఎస్ చూడటానికి వెళ్తే అది అప్పటికే ఠీవిగా లేచి నిలబడి ఉంది, బోనెట్ మీద చెయ్యి వేస్తే వేడి. అన్నీ బాగున్నట్టే కనిపించాయి. రెండోసారి చెప్పకుండా పొద్దున్నే వెళ్లాను, పొట్ట నేలకి ఆనించి పడుకుని ఉంది, స్టార్ట్ చేశాక లేవడానికి కొన్ని నిమిషాలు పట్టింది, లేచేలోగా కింద చిన్న పచ్చ మడుగు తయారైంది.

చల్లగా ఉన్న డీఎస్ రాత్రంతా దిగిపోయి ఉండటం తప్పు కాదు. స్టార్ట్ చేసి వాచీ చూడండి, అర నిమిషం అటూ ఇటూగా వెనక, ఆ వెంటనే ముందు లేస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. లేచాక ఇంజిన్ ఆపి బ్రేకు బటన్ వరసగా నొక్కండి, చాలాసార్లు పనిచేయాలి. రెండు మూడు నొక్కులకే ఒత్తిడి పోతే నిలవ గోళం పని అయిపోయింది. తర్వాత కారుని ముందుకి జరిపి నేల చూడండి.

2సీవీని కూడా చల్లగానే చూడండి. చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండు మూడు తిప్పులకి అందుకోవాలి, మొదట్లో కాస్త నీలం పొగ వచ్చి పోతే పర్వాలేదు, పోకుండా వస్తూనే ఉంటే రింగులో వాల్వు గైడులో అరిగాయి. ఆ తర్వాత ఇంజిన్ ఆపేసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పే హ్యాండిల్ డిక్కీలో ఉందేమో అడగండి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ముందు నుంచి దూర్చి, బొటనవేలు పిడికి చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టి, చేత్తో మెల్లగా తిప్పండి. ఒక్కో సిలిండర్ దగ్గర చేతికి ఎదురు తగలాలి, రెండు చోట్లా ఒకే బలంతో. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా తగిలితే ఆ మెత్తటి వైపు కంప్రెషన్ పోతోంది. ఎదురు సరిగ్గా ఉంటే ఇగ్నిషన్ వేసి, అదే చేత్తో ఒక్క విసురు కిందినుంచి పైకి లాగండి.